కోతకు లొంగే బోర్డు

హై-స్పీడ్ సర్క్యూట్ బోర్డు సిమ్యులేషన్ రోజుల తరబడి నడుస్తోందని ఎవరైనా నాతో అంటే, నేను ముందుగా అడిగేది వాళ్ల కంప్యూటర్‌లో ఎన్ని కోర్లు ఉన్నాయని కాదు, ఆ సిగ్నల్ తాలూకు రిటర్న్ కరెంటు ఏ దారిన వెనక్కి వస్తోందని. లేఅవుట్ గీసిన ఇంజనీరు తెర మీద వేలు పెట్టి ఆ దారిని చూపించగలిగితే సిమ్యులేషన్‌ను గంటల్లోకి, ఒక్కోసారి నిమిషాల్లోకి దించవచ్చు. చూపించలేకపోతే లోపం సాల్వర్‌లో (లెక్కచేసే సాఫ్ట్‌వేర్‌లో) లేదు, బోర్డులోనే ఉంది. బోర్డును చిన్న ముక్కలుగా కోసి విడివిడిగా లెక్కించడం డబ్బు లేనివాళ్లు చేసుకునే సర్దుబాటు అన్న అభిప్రాయం మన ఇంజనీర్లలో బలంగా ఉంది. నా వాదన అందుకు విరుద్ధం. అలా కోయడానికి లొంగని సిగ్నల్ దారి చాలావరకు తప్పుగా గీసిన దారి అనీ, సిమ్యులేషన్ నత్తనడక నడుస్తోందంటే అది ఆ తప్పుకు లక్షణమనీ నేను నమ్ముతాను.

నేను విజయవాడలో, కానూరు వైపు ఒక అద్దె ఇంటి పై అంతస్తులో, బెంగళూరు, హైదరాబాదు కంపెనీలకు బోర్డులు గీసి, పరీక్షించి పంపే చిన్న బృందంతో పనిచేస్తున్నాను. మే నెలలో బయట 44, 45 డిగ్రీల ఎండ కాస్తున్నప్పుడు వర్క్‌స్టేషన్ ఉన్న గదికి రాత్రింబగళ్లు ఏసీ వేయక తప్పదు. లేకపోతే ప్రాసెసర్ వేడెక్కి తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. రాత్రంతా నడవాల్సిన రన్ మధ్యలో కరెంటు పోతే యూపీఎస్ ఎంతసేపు ఆపగలదన్నది ఇంకో లెక్క. పెద్ద డేటా సెంటర్లున్న సంస్థలకు ఇవి కనిపించని ఖర్చులు. మాకు మాత్రం పొడవైన ప్రతి రన్‌కూ విడిగా బిల్లు వస్తుంది. అయితే నా వాదనకు ఈ ఇబ్బంది ఆధారం కాదు, ప్రేరణ మాత్రమే. ఆధారం లెక్కల్లో ఉంది.

బోర్డు మీద పొడవుల మధ్య ఉన్న అంతరాన్ని చూడండి. బోర్డు పక్క 250 మిల్లీమీటర్లు, ట్రేస్ (సిగ్నల్ నడిచే రాగి గీత) వెడల్పు 0.1 మిల్లీమీటరు, దాని కింద గ్రౌండ్ ప్లేన్ (రిటర్న్ కరెంటు నడిచే రాగి పొర) వరకు ఉన్న డైఎలక్ట్రిక్ (కరెంటు పారని పదార్థం) మందం మరో 0.1 మిల్లీమీటరు అనుకుందాం. కంప్యూటర్ భాగాలను కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఐదో తరం సెకనుకు 32 గిగా ట్రాన్స్‌ఫర్ల వేగంతో నడుస్తుంది కాబట్టి దాని నైక్విస్ట్ ఫ్రీక్వెన్సీ (ఆ వేగంలో సగం) 16 గిగాహెర్ట్జ్. పర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రానికి పదార్థం స్పందించే తీరును చెప్పే సంఖ్య) 4 ఉన్న పదార్థంలో ఆ ఫ్రీక్వెన్సీకి తరంగదైర్ఘ్యం 9 మిల్లీమీటర్లకు పైనే. తరంగం ఒక్కటే ముఖ్యమైతే అర మిల్లీమీటరు సెల్స్ (లెక్క కోసం బోర్డును విడగొట్టే గడులు) సరిపోతాయి. మెష్‌ను, అంటే ఆ గడుల వలను, చిన్నదిగా చేయమని బలవంతపెట్టేది తరంగం కాదు, ఆకారం: 0.1 మిల్లీమీటరు మందంలో విద్యుత్ క్షేత్రం సరిగా కనబడాలంటే అక్కడ కనీసం నాలుగు సెల్స్ కావాలి. అంటే ఒక్కో సెల్ 0.025 మిల్లీమీటరు.

ఇదే సెల్‌ను బోర్డు అంతటా పరిస్తే ఏమవుతుంది? 250 మిల్లీమీటర్ల పక్కలు, 1.6 మిల్లీమీటర్ల మందం ఉన్న బోర్డుకు 640 కోట్ల సెల్స్ అవుతాయి. 1966లో కేన్ యీ ప్రతిపాదించిన, కాలంలో అడుగడుగునా లెక్కించే టైమ్-డొమైన్ పద్ధతిలో ప్రతి సెల్‌కూ ఆరు క్షేత్ర విలువలు నిల్వ చేయాలి. ఒక్కో విలువకు 4 బైట్ల చొప్పున సెల్‌కు 24 బైట్లు, మొత్తం దాదాపు 154 గిగాబైట్లు. పదార్థ గుణకాలు ఇందులో చేరలేదు. పైగా 1928లో కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ తేల్చిన స్థిరత్వ నియమం ప్రకారం, కాలంలో వేసే అడుగు అతి చిన్న సెల్‌ను కాంతి దాటే సమయంతో ముడిపడి ఉంటుంది. 0.025 మిల్లీమీటరు ఘనాకార సెల్‌కు ఆ అడుగు 48 ఫెమ్టోసెకన్లు, కనుక 10 నానోసెకన్ల సిగ్నల్‌ను చూడాలంటే రెండు లక్షలకు పైగా అడుగులు వేయాలి. ప్రతి అడుగులో ఆ 154 గిగాబైట్లనూ ఒకసారి చదివి, ఒకసారి రాయాలి. రెండు ఛానళ్ల డీడీఆర్4-3200 మెమరీ సెకనుకు 51.2 గిగాబైట్లకు మించి కదిలించలేదు కాబట్టి, అంత మెమరీని ఎలాగో అమర్చినా, అడుగుకు ఆరు సెకన్లు, మొత్తం రెండు వారాలు పడుతుంది. అదీ ఒక్క పోర్టుకే (సిగ్నల్‌ను లోపలికి పంపే లేదా బయట కొలిచే చోటుకే).

ఇప్పుడు అదే బోర్డులో ఒక వయా (లేయర్ల మధ్య సిగ్నల్‌ను దాటించే, రాగి పూసిన రంధ్రం) చుట్టూ 5 మిల్లీమీటర్ల పక్కలతో ఒక పెట్టెను కోసి తీయండి. సెల్స్ 25.6 లక్షలు, క్షేత్ర విలువలకు 62 మెగాబైట్లు కూడా అవసరం లేదు. ప్రతిధ్వనులు అణగడానికి ఒక నానోసెకను చాలనుకుంటే, అదే మెమరీ వేగంతో కాగితం మీద లెక్క ఒక నిమిషం లోపే తేలుతుంది. నిజమైన సాల్వర్లు మెష్‌ను అవసరమైన చోట చిక్కగా, లేని చోట పలచగా వేస్తాయి కనుక మొదటి లెక్క ఇంత ఘోరంగా ఉండదని నాకు తెలుసు. అయినా ఆ రెండు అంకెల మధ్య ఉన్న అగాధాన్ని ఏ గ్రాఫిక్స్ కార్డూ పూడ్చలేదు.

ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి వాడేవాళ్లకూ ఇదే నీతి వేరే రూపంలో ఎదురవుతుంది. అక్కడ ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఒక పెద్ద మ్యాట్రిక్స్‌ను విడగొట్టాలి. 1973లో అలన్ జార్జ్ చూపిన నెస్టెడ్ డిసెక్షన్ లాంటి మంచి క్రమం పాటించినా, మూడు కొలతల సమస్యలో డైరెక్ట్ సాల్వర్‌కు పట్టే సమయం తెలియని విలువల సంఖ్యకు వర్గంగా పెరుగుతుంది. అంటే సమస్యను పది సమాన ముక్కలు చేస్తే ఒక్కో ముక్కకు నూరో వంతు సమయం, పది ముక్కలకూ కలిపి పదో వంతు. ముక్కలు ఒకదాని మీద ఒకటి ఆధారపడవు కనుక మన దగ్గరున్న మూడు పాత మెషిన్లకూ పంచవచ్చు.

అసలు చర్చ ఇక్కడ మొదలవుతుంది. ఎక్కడ కోయాలి? కోసిన చోట మనం భౌతికశాస్త్రానికి సంబంధించిన ఒక వాంగ్మూలం ఇస్తున్నాం: ఈ గీత దగ్గర శక్తి అంతా ట్రేస్‌కూ, దాని గ్రౌండ్ ప్లేన్‌కూ మధ్య ఒకే ఒక మోడ్‌లో (క్షేత్రం అమరే తీరులో) ప్రయాణిస్తోంది, మరే దారిలోనూ ఈ గీతను దాటడం లేదు. ఏకరీతిగా సాగే ట్రేస్ మీద ఈ మాట నిజం. అందువల్ల 150 మిల్లీమీటర్ల ట్రేస్‌ను త్రీ-డీలో లెక్కించడం వృథా. దాని అడ్డకోతను టూ-డీ సాల్వర్‌లో కొన్ని సెకన్లలో లెక్కించి, మిల్లీమీటరుకు ఇంత అని వచ్చిన రెసిస్టెన్స్, ఇండక్టెన్స్, కండక్టెన్స్, కెపాసిటెన్స్ విలువలను ట్రాన్స్‌మిషన్ లైన్ సమీకరణాలకు అప్పగిస్తే చాలు. పక్క ట్రేస్ నుంచి వచ్చే క్రాస్‌టాక్‌నూ అదే అడ్డకోతలో మరో కండక్టర్‌గా చేర్చవచ్చు. త్రీ-డీ అవసరమయ్యేది ఆకారం మారే చోట్లలోనే: వయాలు, కనెక్టర్ ప్యాడ్లు, ఏసీ కప్లింగ్ కెపాసిటర్లు, బీజీఏ (అడుగున టంకపు బంతులున్న చిప్) కింద నుంచి ట్రేసులు బయటపడే ఇరుకు సందులు. వీటికి వచ్చిన ఎస్-పారామీటర్లను (ఒక్కో ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ దాటిందో, ఎంత వెనక్కి వచ్చిందో చెప్పే విలువలను) వరుసగా గొలుసుకట్టుగా కలిపితే ఛానల్ మొత్తం సిద్ధమవుతుంది.

వయా దగ్గర కోతను యాంటీప్యాడ్ (వయా చుట్టూ ప్లేన్‌లో రాగి తీసేసిన ఖాళీ) అంచు దాటించి, డైఎలక్ట్రిక్ మందానికి అనేక రెట్ల దూరంలో పెట్టాలి. ఆకారం మారిన చోట పుట్టే అదనపు మోడ్‌లు దూరంతో వేగంగా క్షీణిస్తాయి కనుక రెండు మూడు మిల్లీమీటర్లు సాధారణంగా సరిపోతాయి. ఇది ట్రేస్ వైపు మాట. ప్లేన్ల మధ్య సంగతి వేరు.

పన్నెండు లేయర్ల బోర్డులో ఒక డిఫరెన్షియల్ జత (ఒకే సిగ్నల్‌ను పరస్పరం వ్యతిరేకంగా మోసే రెండు ట్రేసులు) పై లేయర్ నుంచి పదో లేయర్‌కు దిగుతోందనుకుందాం. పైన ఉన్నప్పుడు దాని రిటర్న్ కరెంటు రెండో లేయర్ గ్రౌండ్‌లో ఉంటుంది, కిందికి దిగాక తొమ్మిదో లేయర్‌లో ఉండాలి. జత సమంగా ఉన్నంతకాలం ఒక తీగ రిటర్న్‌ను రెండోది చాలావరకు రద్దు చేస్తుంది గానీ, ఏ కాస్త అసమానత ఉన్నా మిగిలే కామన్-మోడ్ కరెంటుకు (రెండు తీగల్లోనూ ఒకే దిశలో నడిచే భాగానికి), ఒంటరి సిగ్నలైతే మొత్తం కరెంటుకు, ప్లేన్ నుంచి ప్లేన్‌కు దూకే దారి కావాలి. పక్కనే గ్రౌండ్ వయాలు ఉంటే అది వాటిలో నుంచి దిగిపోతుంది, క్షేత్రం అక్కడికక్కడే ఉండిపోతుంది, మన 5 మిల్లీమీటర్ల పెట్టె నిజం చెబుతుంది. గ్రౌండ్ వయాలు లేకపోయినా, తొమ్మిదో లేయర్ గ్రౌండ్ కాకుండా 1.8 వోల్టుల పవర్ ప్లేన్ అయినా, ఆ కరెంటు రెండు ప్లేన్ల మధ్య ఖాళీలో తరంగంగా పరుచుకుంటుంది. సమాంతర ప్లేన్ల మధ్య తిరిగే ఆ తరంగానికి కటాఫ్ ఫ్రీక్వెన్సీ లేదు. అది బోర్డు అంచుల దాకా వెళ్లి, తిరిగి వచ్చి, దారిలో ఉన్న ప్రతి వయానూ తాకుతుంది. 250 మిల్లీమీటర్ల ప్లేన్‌కు మొదటి రెజొనెన్స్ 300 మెగాహెర్ట్జ్ దగ్గరే వస్తుంది. ఇలాంటి బోర్డును ఏ పెట్టెలో కోసినా జవాబు తప్పే. అప్పుడు ఇంజనీరు సహజంగానే, ముక్కలు నమ్మదగినవి కావు, మొత్తం బోర్డునే నడపాలి, పెద్ద మెషిన్ కావాలి అంటాడు. మొదటి రెండు మాటలూ నిజమే. మూడో మాట దగ్గర నేను ఒప్పుకోను. అక్కడ కావాల్సింది మెషిన్ కాదు, రెండు గ్రౌండ్ వయాలు.

కోత సరైనదో కాదో తెలుసుకోవడానికి నేను వాడే పరీక్ష చాలా చౌకైనది. పెట్టె పక్క గోడలను ఒకసారి పరిపూర్ణ విద్యుద్వాహకంగానూ, మరోసారి తరంగాలను పీల్చుకునే సరిహద్దుగానూ పెట్టి, అదే నమూనాను రెండుసార్లు నడుపుతాను. జవాబులు కలిస్తే శక్తి గోడ దాకా చేరడం లేదని అర్థం, కోత నిలబడుతుంది. కలవకపోతే, ముఖ్యంగా ఒక నమూనాలో కనిపించిన లోయ (సిగ్నల్ పడిపోయే చోటు) రెండో దానిలో మాయమైతే, శక్తి ప్లేన్ల మధ్య పారిపోతోందన్నమాట. సిమ్యులేషన్ వేగాన్ని పెంచే ప్రయత్నంలో భాగంగా చేసిన ఈ పని బోర్డు తప్పును కూడా పట్టిస్తుంది. మొత్తం బోర్డును ఒక్క ముద్దగా నడిపినప్పుడు ఆ లోయ వందలాది వంపుల మధ్య కలిసిపోతుంది, అది ఏ వయా వల్ల వచ్చిందో విప్పుకోవడానికి మళ్లీ ముక్కల దగ్గరికే రావాలి. ఆటోనగర్‌లో ఏ మేస్త్రీ కూడా ఇంజన్‌లో చప్పుడు వస్తే లారీ బాడీ మొత్తం విప్పడు, చప్పుడు ఎటునుంచి వస్తోందో ముందు చెవి పెట్టి వింటాడు.

మా బృందంలోకి కొత్తగా వచ్చిన కుర్రవాడు ఒకసారి, “అన్నా, ముక్కలు చేస్తే ముక్కల మధ్య ఏం జరుగుతుందో వదిలేసినట్టే కదా, మొత్తం నడిపితే ఆ అనుమానమే ఉండదు” అన్నాడు. ఇది న్యాయమైన అభ్యంతరం, కస్టమర్లు కూడా మర్యాదగా ఇదే అంటారు. కానీ మొత్తం బోర్డు నడిపినవాళ్లు ఏమీ వదల్లేదని అనుకోవడం భ్రమ. అంత పెద్ద నమూనా మెమరీలో పట్టాలంటే మెష్‌ను ఎక్కడో పలచన చేయాలి, ఎక్కడ పలచన చేయాలన్నది సాల్వర్ తనంతట తాను నిర్ణయిస్తుంది. ముక్కల పద్ధతిలో మన ఊహలు మన చేతిలో, పరీక్షించడానికి వీలుగా ఉంటాయి. ముద్ద పద్ధతిలో అవి సెట్టింగుల వెనక దాగి ఉంటాయి. ఊహలు రెండింటిలోనూ ఉన్నప్పుడు, కంటికి కనిపించేవే నయమని నేనంటాను.

ముక్క చిన్నదయ్యాక కూడా వదిలేయదగినవి కొన్ని మిగులుతాయి. రాగి లోపల మెష్ వేయడం వాటిలో మొదటిది. 1 గిగాహెర్ట్జ్ దగ్గర రాగిలో కరెంటు చొచ్చుకుపోయే లోతు దాదాపు 2 మైక్రాన్లు, 16 గిగాహెర్ట్జ్ దగ్గర అర మైక్రాను. 35 మైక్రాన్ల రాగిలో ఆ పొరను మెష్‌తో చూపించబోతే సెల్స్ అన్నీ అక్కడే ఖర్చవుతాయి. ఉపరితల ఇంపిడెన్స్ అనే సరిహద్దు షరతు ఆ పని ఉచితంగా చేసిపెడుతుంది. ఫ్రీక్వెన్సీ కొన్ని మెగాహెర్ట్జ్‌కు దిగితే చొచ్చుకుపోయే లోతు రాగి మందంతో సమానమై ఆ షరతు చెల్లదు కనుక, డీసీ రెసిస్టెన్స్‌ను విడిగా లెక్కించి జోడించాలి. దీన్ని మరిచిపోతే ఐ డయాగ్రమ్ (బిట్లన్నిటినీ ఒకదాని మీద ఒకటి వేసి చూసే చిత్రం) అర్థం లేకుండా వస్తుంది. గుండ్రని వయాలను ఎనిమిది, పన్నెండు భుజాల బహుభుజులుగా మార్చడం, లేఅవుట్ సాఫ్ట్‌వేర్ వదిలిన సన్నని రాగి పీలికలను, సిల్క్‌స్క్రీన్‌ను తీసేయడం లాంటివి చెప్పనక్కర్లేనంత తేలిక పనులు, వాటి వల్ల వచ్చే లాభం మాత్రం చిన్నది కాదు.

పోర్టుల సంఖ్యను బట్టి సాల్వర్‌ను ఎంచుకోవడం మీద మనవాళ్లు తగినంత దృష్టి పెట్టడం లేదని నాకనిపిస్తుంది. టైమ్-డొమైన్‌లో ఉత్తేజపరిచే ప్రతి పోర్టుకూ ఒక పూర్తి రన్ కావాలి. ఫైనైట్ ఎలిమెంట్‌లో డైరెక్ట్ సాల్వర్ వాడితే మ్యాట్రిక్స్‌ను ఒకసారే విడగొట్టి, ఒక్కో పోర్టుకు చిన్న ప్రతిక్షేపణతో సరిపెట్టవచ్చు. అందువల్ల నాలుగు పోర్టుల డిఫరెన్షియల్ వయాకు మొదటిది హాయిగా ఉంటుంది, డీడీఆర్ బస్సులో (మెమరీకి వెళ్లే ట్రేసుల గుంపులో) బీజీఏ కింద ఒకేసారి చూడాల్సిన డజన్ల కొద్దీ వయాలకు రెండోది. ఫ్రీక్వెన్సీల విషయంలోనూ అంతే: వెయ్యి పాయింట్లు అడిగితే వెయ్యిసార్లు లెక్కించనక్కర్లేదు, కొన్ని పదుల చోట్ల లెక్కించి మధ్యలో రేషనల్ ఫంక్షన్‌తో పూరించే స్వీప్ దాదాపు ప్రతి సాల్వర్‌లోనూ ఉంది. అలా వచ్చిన ఎస్-పారామీటర్లను టైమ్-డొమైన్ సర్క్యూట్ నమూనాగా మార్చడానికి 1999లో గుస్తావ్‌సెన్, సెమ్లియెన్ ప్రచురించిన వెక్టర్ ఫిట్టింగ్ నేటికీ పనిముట్టుగా నిలిచి ఉంది. గొలుసు కట్టే ముందు ప్రతి ముక్కా పాసివ్‌గా (తనంతట తాను శక్తిని పుట్టించకుండా) ఉందో లేదో చూసుకోవడం తప్పనిసరి.

ఖచ్చితత్వం పేరుతో వృథా అయ్యే సమయం గురించి ఇంకా గట్టిగా మాట్లాడాలి. బోర్డు తయారుచేసేవాళ్లు ఇంపిడెన్స్‌కు సాధారణంగా ఇచ్చే హామీ ±10 శాతం. ఎఫ్ఆర్-4 అనే సాధారణ బోర్డు పదార్థంలో గాజు దారాల పర్మిటివిటీ 6కు దగ్గర, రెజిన్‌ది 3కు దగ్గర. జతలోని ఒక ట్రేస్ దారం మీద, మరొకటి దారాల మధ్య రెజిన్ మీద పడితే రెండింటి వేగాలే వేరవుతాయి. రాగి గరుకుదనం బట్టి నష్టం మారుతుంది. ఇన్ని అనిశ్చితులున్న చోట, వరుస మెష్‌లు ఇచ్చే ఎస్-పారామీటర్ల మధ్య తేడా 0.02 దగ్గర ఆగకుండా 0.002 దాకా సాల్వర్‌ను తోసి, రాత్రులు గడిపి సాధించే మూడో దశాంశానికి తయారైన బోర్డులో ఉనికే ఉండదు. ఆ సమయాన్ని డైఎలక్ట్రిక్ మందం, ట్రేస్ వెడల్పు, డ్రిల్ గురి తప్పే దూరం మార్చి మార్చి అదే ముక్కను పలుమార్లు నడపడానికి వాడాలి. నిమిషంలో తేలే నమూనా విలువ ఇక్కడ తెలుస్తుంది. ఉదాహరణకు వయా కింద మిగిలిన స్టబ్ (సిగ్నల్ వాడని తోక) 2 మిల్లీమీటర్లు ఉంటే పావు తరంగం సూత్రం ప్రకారం దాదాపు 19 గిగాహెర్ట్జ్ దగ్గర సిగ్నల్ పడిపోతుంది, ప్యాడ్ల కెపాసిటెన్స్ దాన్ని మరింత కిందికి, 16 గిగాహెర్ట్జ్ వైపుకు లాగుతుంది. బ్యాక్‌డ్రిల్ చేసినా (ఆ తోకను వెనక నుంచి తొలిచి తీసినా) కొంత స్టబ్ మిగులుతుంది, ఎంత మిగలవచ్చో తయారీదారు చెప్పే పరిధిలో ఈ చివర నుంచి ఆ చివరకు ఫలితం ఎలా మారుతుందో చూడడమే ఉపయోగం.

మెషిన్లు అవసరమే లేదని నేననడం లేదు. టైమ్-డొమైన్ పద్ధతికి మెమరీ వేగమే ప్రాణం కనుక, సెకనుకు 1000 గిగాబైట్ల దాకా కదిలించే గ్రాఫిక్స్ కార్డు డెస్క్‌టాప్ మెమరీ కంటే ఇరవై రెట్లు ముందుంటుంది, ముక్క దాని సొంత మెమరీలో పట్టినంతవరకు. ముక్కలు చేసినవాళ్లకే ఆ కార్డు ఎక్కువగా పనికొస్తుందన్నది గమనించాలి. ఫైనైట్ ఎలిమెంట్ డైరెక్ట్ సాల్వర్లకు డబుల్ ప్రెసిషన్ (ఎక్కువ అంకెల ఖచ్చితత్వం) కావాలి. ఆటల కోసం చేసిన ఎన్విడియా కార్డుల్లో ఆ వేగం ఇటీవలి తరాల్లో సింగిల్ ప్రెసిషన్‌లో 64వ వంతే, కనుక అక్కడ డబ్బును ర్యామ్ మీద పెట్టడం తెలివి. లైసెన్సు కొనలేని విద్యార్థులకు ఓపెన్‌ఈఎంఎస్ అనే సాల్వర్ ఉచితంగా దొరుకుతుంది. కీక్యాడ్ అనే లేఅవుట్ సాఫ్ట్‌వేర్‌లో గీసిన ఒక్క వయాను దానిలోకి తెచ్చి నడిపినవాళ్లు, మెష్ ఎందుకు ఖరీదైనదో ఏ పాఠం చెప్పినదానికంటే బాగా తెలుసుకుంటారు.

న్యూరల్ నెట్‌వర్క్‌తో క్షణంలో జవాబు చెబుతామనే ప్రకటనల మీద నాకు పెద్ద కోపం లేదు, పెద్ద ఆశ కూడా లేదు. వయా కొలతలు ఒక పరిధిలో మారుతున్నప్పుడు వందల రన్లతో నేర్పిన నమూనా స్వీప్‌కు బాగా పనికొస్తుంది. ఆ వందల రన్లు ఇచ్చేది మళ్లీ సాల్వరే, పరిధి దాటితే దాని మాటకు పూచీ లేదు.

నా వాదన చెల్లని చోట్లు రెండున్నాయి. పవర్ ప్లేన్లు స్వభావరీత్యా బోర్డు అంతటా పరుచుకున్నవి, వాటిని పెట్టెల్లో కోయలేం. అయితే రెండు ప్లేన్ల మధ్య దూరం తరంగదైర్ఘ్యం ముందు చాలా స్వల్పం కనుక ఆ దిశలో క్షేత్రం మారదు, సమస్యను రెండు కొలతలకు కుదించే హైబ్రిడ్ సాల్వర్లు అక్కడ పని జరిపిస్తాయి. రెండోది కేబుళ్లు, లోహపు పెట్టె, బోర్డు కలిసి వెదజల్లే రేడియేషన్. అక్కడ కేబుల్ పొడవూ, పెట్టెలోని కంతలూ అన్నీ ఒకే వ్యవస్థ, ఏ గీత దగ్గర కోసినా అబద్ధమే. అప్పుడు నేను కూడా మొత్తాన్ని ఒకేసారి నడుపుతాను, కానీ ఉద్గార పరీక్షల మొదటి అంచె 30 మెగాహెర్ట్జ్ నుంచి 1 గిగాహెర్ట్జ్ వరకే కాబట్టి, గాలిలో 300 మిల్లీమీటర్ల తరంగానికి తగ్గ లావు మెష్‌తో, ట్రేసులన్నీ తీసేసి, బోర్డును మందం లేని రాగి రేకుగా, దాని మీద కామన్-మోడ్ వోల్టేజీని ఒక్క సోర్స్‌గా పెట్టి నడుపుతాను. ఆ సోర్స్ విలువ మాత్రం వయా పెట్టెల నుంచి వచ్చినదే.